ఆఖరి వరసలో ఖాళీ

మూడు వారాల కిందట ఒక సోమవారం బడి నుంచి రాగానే మా మనవరాలు హాసిని బూట్లు కూడా విప్పకుండా వచ్చి నా ముందు ఒక కాగితం పెట్టింది. పక్కన పెన్ను కూడా తనే పెట్టింది. "నానమ్మా, ఒక్క సైన్. అమ్మా నాన్నా ఆఫీసు నుంచి వచ్చేసరికి లేటవుతుంది. రేపు పొద్దున్నే ఇచ్చేయాలి" అంది. ఏమిటా అని కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, మా అమ్మాయికి ఒంట్లో బాగుండటం లేదు కాబట్టి ఈ ఏడాది ఆటల పీరియడ్ నుంచి మినహాయించవలసింది అని ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. దీనికి పన్నెండేళ్ళు. ఏడో తరగతి. జలుబు తప్ప జబ్బు ఎరగదు. "నీకేం రోగమే?" అన్నాను. "అక్కడ ఖాళీ వదిలాను. ఏదో ఒకటి నువ్వే రాయి నానమ్మా, నువ్వు కథలు రాస్తావుగా" అంది. ఇన్నేళ్ళు రాసినందుకు ఇంట్లో దక్కిన గౌరవం ఇది.

నేను సంతకం పెట్టలేదు. పెట్టకపోగా నాలుగు చివాట్లు కూడా పెట్టాను. ఎందుకంటే ఆ పిల్ల రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. జూబ్లీహిల్స్‌లో మాది నాలుగో అంతస్తు. లిఫ్టులో కిందికి దిగుతుంది, కారెక్కుతుంది, బడిలో కూర్చుంటుంది, మళ్ళీ కారు, మళ్ళీ లిఫ్టు, ఆపైన ట్యూషను. ఆ మధ్య లిఫ్టు పాడై మెట్లెక్కితే రెండో అంతస్తు దగ్గరే గోడ పట్టుకుని నిలబడిపోయింది. డాక్టరు కూడా మొహమాటం లేకుండా చెప్పాడు: రోజుకొక గంటైనా ఒళ్ళు కదలాలి, ఈ వయసులో అలవాటు కాకపోతే తర్వాత ఇంకెప్పటికీ కాదు అని. మా అబ్బాయి ఈతలో చేర్చాడు, బ్యాడ్మింటన్‌లో చేర్చాడు, స్కేటింగ్ బూట్లు కొన్నాడు. ఒక్కొక్కటీ నెల తిరక్కుండానే మానేసింది. ఇక మిగిలింది వారానికి రెండుసార్లు వచ్చే ఆ ఆటల పీరియడే. నేను సంతకం గీకితే అదీ పోతుంది. ఇదంతా చెప్తే మూతి ముడుచుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. రెండ్రోజులు నాతో మాటల్లేవు. నాక్కూడా గొంతు పెద్దది చేయడానికి లోపల్లోపల జంకుగానే ఉంది. ఎందుకంటే అలాంటి కాగితమే ఒకప్పుడు నా పేరు మీద కూడా ఉండేది.

మా నాన్న గ్రూప్ డాన్సరు. హీరో వెనకాల చేతులూపే పదహారు మందిలో ఒకరు. సినిమా చూస్తూ "అదుగో నాన్న" అని అమ్మ మోచేతిని లాగేలోపు షాటు మారిపోయేది. మద్రాసు నుంచి పని ఇటు మళ్ళుతోందని, నాకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లో మమ్మల్ని తీసుకొచ్చి ఫిల్మ్ నగర్ వాలులో రెండు గదుల వాటాలో పెట్టారు. అప్పుడు అక్కడ ఇళ్ళకంటే బండలే ఎక్కువ. మా ఇంటికి తెల్లారేది వాము వాసనతో. అమ్మ ముందు నా కోసం మిరియాలూ వామూ వేసి కషాయం కాచేది, తర్వాతే నాన్నకి కాఫీ. నా వీపుకీ గుండెకీ నీలగిరి తైలం రాసి రాసి నా జాకెట్లూ, పుస్తకాలూ, చివరికి నా పక్క బెంచీ పిల్లలు కూడా అదే వాసన వేసేవాళ్ళు. నాకు ఆయాసం. చలి తగిలినా, దుమ్ము లేచినా, నవ్వు ఎక్కువైనా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. మృగశిర కార్తె వచ్చిందంటే అమ్మ నన్ను పాతబస్తీకి లాక్కెళ్ళి ఆ జనంలో నిలబెట్టి చేపమందు మింగించేది. మూడేళ్ళు వరసగా మింగాను.

అమ్మకి ఒక అలవాటుండేది. బడి నుంచి రాగానే నన్ను వెనక్కి తిప్పి నా వీపుకి చెవి ఆనించి వినేది. కూతలు లేకపోతే "ఊఁ, పో" అనేది. ఉంటే ఇక ఆ రోజుకి మంచం దిగనిచ్చేది కాదు. ఆవిడ తమ్ముడు, అంటే మా మేనమామ, తొమ్మిదేళ్ళ వయసులో ఇదే జబ్బుతో పోయాడట. పొలం గట్ల మీద పిల్లలతో పరుగెత్తి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఇక లేవలేదు. అప్పుడు మంచినీళ్ళ కోసం లోపలికి పరుగెత్తింది అమ్మే. నీళ్ళు తెచ్చేసరికి అయిపోయింది. ఆ మాట ఆవిడ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, అదీ నేను తల్లినయ్యాక. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా "పరుగెత్తకు", "ఎగరకు", "కూర్చో" అనే మూడు మాటలే. టోలిచౌకి వైపు ఉండే మా బడికి స్వయంగా వచ్చి, డాక్టరు చేత రాయించిన కాగితం ఆటల మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రిజిస్టర్లో దాచి, "సరే, నువ్వు వీటికి కాపలా కాయి" అని పిల్లల చెప్పులన్నీ నా ముందు పోయించారు. తరగతిలో నలభై జతల చెప్పులు. ఏ చెప్పు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఉద్యోగం నచ్చింది. పరుగెత్తి ఆఖరున రావడం కంటే చెప్పుల దగ్గర దర్జాగా కూర్చోవడం నయం కదా.

ఇంతలో నాన్న క్యారేజీ మోసే పని నాకు పడింది. షూటింగ్ ఉన్న రోజు కంపెనీవాళ్ళే భోజనం పెట్టేవాళ్ళు. రిహార్సల్ రోజుల్లో మాత్రం ఎవరి తిండి వాళ్ళదే. మా వాలు మీద నుంచి కిందికి దిగి, మళ్ళీ ఇంకో గుట్ట ఎక్కితే రిహార్సల్ షెడ్డు. ఆదివారాలు ఆ మూడు గిన్నెల క్యారేజీ నేను తీసుకెళ్ళాలి. అమ్మకి వంటిల్లు వదిలే వీలుండేది కాదు, అందుకని నాకు ఆగాల్సిన చోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. వేపచెట్టు దగ్గర ఒకసారి, కుళాయి దగ్గర ఒకసారి, పెద్ద బండ దగ్గర కూర్చుని ఇరవై దాకా లెక్కపెట్టి ఒకసారి. నేను బుద్ధిగా అన్నిచోట్లా ఆగేదాన్ని. షెడ్డంటే పైన రేకులు, కింద షాబాదు బండలు, ఒక గోడకి నిలువెత్తు అద్దాలు. లోపల అడుగుపెట్టగానే చెమట, కొబ్బరినూనె, మరుగుతున్న చాయ్ కలిసిన వాసన కొట్టేది. చాయ్ కాచేదీ, షెడ్డు ఊడ్చేదీ యాదమ్మ. షేక్‌పేట మనిషి. నేను రొప్పుతూ గుమ్మంలోకి రాగానే "ఏంది బిడ్డా, గట్ల ఉరుక్కుంట వస్తవ్? ఎవ్వలన్న తరుముతున్నరా? జర కూసో" అని నీళ్ళచెంబు చేతికిచ్చేది. నేను ఉరికి వచ్చింది లేదు, పెట్టింది లేదు. నా నడకే నన్ను అంత రొప్పించేది.

గ్రూపు డాన్సులో ఒక పద్ధతి ఉంది. పదహారు మంది నాలుగు వరసల్లో నిలబడితే, ఎవరికెంత ఎడం ఉండాలో పక్కవాళ్ళ చెయ్యిని బట్టి తెలుస్తుంది. ఒకళ్ళు రాకపోతే ఆ చోటు వదిలి చేయడానికి వీల్లేదు. వదిలితే అందరూ తెలియకుండానే దానిలోకి జరుగుతారు, లైనంతా వంకర పోతుంది. అందుకని ఆ వేళకి షెడ్డులో ఎవరుంటే వాళ్ళని అక్కడ నిలబెట్టేవాళ్ళు. బట్టల కొలతలు తీయడానికి వచ్చిన టైలర్ని మెడలో టేపుతో సహా నిలబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఒక ఆదివారం ఆఖరి వరసలో చేసే అమ్మాయికి జ్వరం. డాన్సు మాస్టారు చేతికర్రతో స్టూలు మీద కొట్టి చుట్టూ చూశారు. యాదమ్మ చేతిలో చాయ్ గిన్నె ఉంది. నా చేతిలో ఏమీ లేదు.

"రంగారావ్, మీ అమ్మాయిని నిలబెట్టు" అన్నారు.

నాన్న గబగబా ముందుకొచ్చారు. "దానికి ఆయాసమండీ మాస్టారూ. వాళ్ళమ్మ చంపేస్తుంది నన్ను."

"నేనేమైనా ఎగరమన్నానా? ఎనిమిది లెక్కపెట్టుకుంటూ నడవాలి, ఎనిమిది లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. నడిచే కదా నీకు అన్నం తెచ్చింది?"

నేను వెళ్ళి నిలబడ్డాను. వన్, టూ, త్రీ, ఫోర్ అని మాస్టారు కర్ర కొడుతుంటే అందరూ ఎగిరి చేసే చోట నేను నడిచాను, అందరూ తిరిగే చోట నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. ఒక్క సంగతి మాత్రం వెంటనే అర్థమైంది. నన్నెవరూ చూడటం లేదు. పదిహేను మందీ అద్దం వైపు, మాస్టారి కర్ర వైపు చూస్తున్నారు. వెనక వరసలో ఒక పిల్ల తప్పు చేసిందా, ఆగిందా, ముక్కు తుడుచుకుందా ఎవరికీ పట్టదు. వాళ్ళకి కావలసింది అక్కడొక మనిషి, అంతే. నా బతుకులో అంత హాయిగా ఎప్పుడూ ఉండలేదు.

ఆ మరుసటి వారం ఆ అమ్మాయి వచ్చింది గానీ ఇంకొకళ్ళు రాలేదు. పదహారు మందిలో ఎవరో ఒకరికి ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. నా చోటు ఖాయమైపోయింది. ఎనిమిది నడిచేదాన్ని కాస్తా పన్నెండు నడవసాగాను. తర్వాత చేతులు కూడా కలిపాను. ఎగిరే చోట మునివేళ్ళ మీద లేచి ఊరుకునేదాన్ని. కొన్నాళ్ళకి తెలియకుండానే ఎగిరాను. కూతలు రాలేదని కాదు, వచ్చేవి. వస్తే యాదమ్మ నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి "ఫికర్ చెయ్యకు. నిమ్మళంగ ఊపిరి ఇడువు" అనేది. తగ్గాక మళ్ళీ వెళ్ళి నిలబడేదాన్ని. ఆగాక మళ్ళీ మొదలుపెట్టొచ్చనే సంగతి నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి వెళ్ళేముందు నాన్న తన తువ్వాలుతో నా మొహం తుడిచి "ఎండ అని చెప్పు" అనేవారు. నేను ఎండ అనే చెప్పేదాన్ని. అమ్మ అయ్యో పాపం అనుకుని నాకొక గొడుగు కొనిచ్చింది. నల్లగొడుగు, ఒక చేత్తో క్యారేజీ, ఒక చేత్తో అదీ పట్టుకుని గుట్ట ఎక్కడంతో ఆ చేతికి కూడా వ్యాయామం అయింది. అమ్మని అలా మోసం చేశామని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దసరా నుంచి దాచిన బండారం మాఘమాసంలో బయటపడింది. ఆ ఆదివారం మజ్జిగ గిన్నె మరిచిపోయి వచ్చాను. మజ్జిగ లేకపోతే నాన్న ముద్ద దిగదని అమ్మ తనే గిన్నె పట్టుకుని వచ్చింది. టేపు మోగుతోంది, మేం చివరి చరణంలో ఉన్నాం, నేను గాల్లో ఉన్నాను. అద్దంలో నాన్న మొహం చూశాను. అన్నేళ్ళలో అడుగు తప్పని మనిషి ఎడమకి పోవాల్సింది కుడికి పోయి పక్కాయన్ని గుద్దేశారు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో అమ్మ.

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టి గోడకి ఆనుకుంది. యాదమ్మ గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఏమైందక్కా, గట్ల నిలబడ్డవ్? పొల్ల మంచిగనే ఉంది."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అమ్మ.

"దసరా అయినప్పటి సంది. నేను సూస్తనే ఉన్న. ఆయాసమొస్తె కూసోబెడుతున్న, తగ్గితె పంపుతున్న. ఏం గాలె."

అమ్మ నన్ను రమ్మని చేత్తో పిలిచింది. వెళ్ళాను. అందరి ముందూ నన్ను వెనక్కి తిప్పి, చెమటతో తడిసిన నా వీపుకి చెవి ఆనించింది. మాస్టారు టేపు ఆపించారు. అమ్మ చాలాసేపు వింది. ఇంకోవైపు కూడా వింది. తర్వాత నా జుట్టు వెనక్కి తోసి, "దీనికి మంచినీళ్ళు ఇవ్వండి" అని యాదమ్మతో చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది వేరే కథ. "మీకు నా తమ్ముడు గుర్తు రాలేదా? ఒక్కసారైనా గుర్తు రాలేదా?" అని నాన్నని అడిగింది. ఆ తమ్ముడి సంగతేమిటో అప్పుడు నాకు తెలియదు. ఐదు రోజులు పొయ్యి వెలిగింది గానీ మాటలు లేవు. నేనైతే అయిపోయింది, ఇక జన్మంతా చెప్పుల కాపలానే అనుకుని దుప్పటి కప్పుకుని ఏడ్చాను. శనివారం రోటి దగ్గర పచ్చడి నూరుతూ, నాన్న వైపు తిరక్కుండానే అంది అమ్మ. "ఏమండీ, ఆ షెడ్డులో మధ్యలో గాలాడదు. దీన్ని గుమ్మం పక్కన నిలబెట్టమని మీ మాస్టారికి చెప్పండి." అంతే. మర్నాడు క్యారేజీతో పాటు నా మాత్ర కూడా పొట్లం కట్టి ఇచ్చింది. నేను కాలేజీకి వెళ్ళేదాకా ఆదివారాలు గుమ్మం పక్కన చేశాను. డాన్సరుని కాలేదు, అవుదామనీ అనుకోలేదు. ఆయాసం పూర్తిగా పోనూ లేదు. కానీ ఇవాళ్టికీ ఈ ఒంటితో నేను నాలుగు అంతస్తులు ఆగి ఆగి ఎక్కగలను, ఆగితే తప్పు లేదని తెలుసు కాబట్టి.

బడిలో మాత్రం ఆ కాగితం అలాగే ఉంది. అమ్మ వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు. పదో తరగతి అయ్యేవరకు చెప్పులు కాశాను. షెడ్డులో రెండు గంటలు ఎగిరే పిల్ల బడిలో రెండు నిమిషాలు పరుగెత్తడానికి ఎందుకు ముందుకు రాలేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. హాసిని అలిగి మాట్లాడటం మానేసిన మూడో రోజు నా అంతట నేనే దాని గది తలుపు కొట్టి, మంచం మీద కూర్చుని ఇదంతా చెప్పాను. మొదట ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి ఫక్కున నవ్వింది.

"అంటే నువ్వు కూడా లెటర్ ఇచ్చావా? మరి నన్నెందుకు తిట్టావ్?"

"తిట్టాను, తప్పే. నాకు నిజంగా జబ్బుండేది. నీకేమిటో చెప్పు."

దిండు అంచు లాగడం మొదలుపెట్టింది. "రన్నింగ్‌లో నేనే లాస్ట్ నానమ్మా. ఎప్పుడూ నేనే. అందరూ ఫినిష్ చేసి లైన్ దగ్గర నిలబడి ఉంటారు. అప్పుడు మ్యామ్ అందరిచేత క్లాప్స్ కొట్టిస్తుంది. కమాన్ హాసినీ, కమాన్ హాసినీ అని. నేను ఒక్కదాన్నే వస్తుంటాను, అందరూ నన్నే చూస్తుంటారు. ఆ క్లాప్స్ వింటే నాకు అక్కడే చచ్చిపోవాలనిపిస్తుంది" అని ఏడ్చింది.

ఆ టీచరమ్మ మంచికే చేయిస్తోంది, అందులో సందేహం లేదు. ఈత దగ్గరా, బ్యాడ్మింటన్ దగ్గరా ఏం జరిగి ఉంటుందో కూడా అప్పుడు తెలిసింది. నేనూ వెళ్ళి కూర్చున్నాను కదా అక్కడ. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో తల్లులూ తండ్రులూ, అందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లన్నీ పిల్లల వైపే. మా రోజుల్లో మేం ఎక్కువ కదిలామని ఈ తరాన్ని దెప్పడం నాకూ అలవాటే. మేం కదిలింది ఎవరో చూస్తారని కాదు. నీళ్ళు మోయాలి కాబట్టి, క్యారేజీ ఇవ్వాలి కాబట్టి, వరసలో చోటు వదలకూడదు కాబట్టి. ఇప్పుడు ఇంట్లో పిల్లలు మోయాల్సింది ఏమీ లేదు. అన్నీ గుమ్మం దగ్గరికే వచ్చేస్తున్నాయి. పనిలోంచి ఆటని విడదీసి, దానికి ఫీజు కట్టి, చుట్టూ కూర్చుని చూస్తున్నాం. కోడలి చేతి వాచీ కూడా అడుగులు లెక్కపెట్టి సాయంత్రానికి ఆవిడకి మార్కులు వేస్తోంది.

కాగితం మీద సంతకం పెట్టాను. ఏడాదికి కాదు, ఒక్క నెలకి. జబ్బు పేరు రాయలేదు, ఆ చోటు కొట్టేశాను. బదులుగా రోజూ సాయంత్రం నాతో ఫిల్మ్ నగర్ దాకా నడిచి రావాలని షరతు పెట్టాను. మా షెడ్డు ఎప్పుడో పోయింది గానీ, అక్కడ రెండో అంతస్తులో ఒక డాన్సు హాలుంది. శిరీష అని ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి, సినిమాల్లో గ్రూపు చేస్తూ సాయంత్రాలు పిల్లలచేత చేయిస్తుంది. ముందుగా నేనొక్కదాన్నే వెళ్ళి మాట్లాడాను.

"కాంపిటీషన్‌కి తయారు చెయ్యాల్నా ఆంటీ?" అంది.

"వద్దమ్మా. ఎవరు రాకపోతే వాళ్ళ చోటులో నిలబెట్టు. నడిస్తే నడవనీ, ఆగితే ఆగనీ. చప్పట్లు మాత్రం కొట్టించకు."

"గంతేనా? ఆఖరి లైన్ల ఎప్పుడు చూసినా ఖాళీనే ఉంటది. రమ్మనుండ్రి."

ఫుట్‌పాత్ మీద పూలకుండీలూ కార్లూ దాటుకుంటూ మా ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడక. మొదటి రోజు నాలుగుచోట్ల ఆగాం, నా కోసం రెండు, దాని కోసం రెండు. హాల్లో అది వెనక నిలబడి చేతులు కూడా ఎత్తలేదు, ఊరికే అటూ ఇటూ నడిచింది. నేను మూల కుర్చీలో కూర్చుని ఉగ్గబట్టుకుని చూశాను. మూడోరోజు చేతులు లేచాయి. రెండో వారంలో ఒక గంతు వేసింది. నాకు లేచి అరవాలనిపించింది గానీ నోరు నొక్కుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఎప్పుడూ లేనిది ఆకలేస్తోందనీ, దోసె కావాలనీ అడుగుతోంది. నెల గడువు అయ్యాక ఆ పరుగు పందెం సంగతి ఏమంటుందో నాకు తెలియదు, అడగలేదు కూడా. మా అబ్బాయి మాత్రం "ఎలా ఒప్పించావమ్మా?" అని ఆశ్చర్యపోతుంటే, నేను కాస్త గొప్పగానే తల ఎగరేశాను.

నిన్న సాయంత్రం నేను చీర మార్చుకుని చెప్పులు వేసుకుంటుంటే హాసిని గుమ్మం దగ్గర ఆగింది. ఏదో చెప్పాలని, చెప్పలేక నీళ్ళు నములుతోంది.

"ఏంటే?"

"నానమ్మా, ఏమీ అనుకోకు. ఇవాళ నుంచి నువ్వు రావొద్దు."

"ఏం, నేనేం చేశాను?"

"నువ్వేం చేయలేదు. నువ్వక్కడ కూర్చుని నన్నే చూస్తుంటావు."

చురుక్కుమంది. నోటిదాకా వచ్చిన జవాబు మింగేసి "సరే, రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త" అన్నాను. వెళ్ళిపోయింది. ఎటు తిరిగిందో, ఎంత వేగంగా నడుస్తోందో, ఎక్కడ ఆగుతుందో చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాను. పరదా మీద చెయ్యి కూడా వేశాను. చూడకుండా వెనక్కి వచ్చేశాను.